సూటి కోతల కబాయి



స్కూళ్ళలో వార్షికోత్సవాలు దగ్గరపడ్డాయంటే, ఉగాదికో దసరాకో తెలుగువాళ్ళు నాటకం వేస్తున్నారంటే, మన శ్రీ విజయపురంలో కుట్టుమిషను ఉన్న ప్రతి ఇంటికీ ఒక ప్రశ్న నడిచి వస్తుంది. ‘అక్కా, మా పాపకి రుద్రమదేవి వేషం ఇచ్చారు, బట్టలెక్కడ దొరుకుతాయి?’ అని. విజయవాడలోనో హైదరాబాదులోనో అయితే నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్లున్నాయి. కిరీటం దగ్గర్నుంచి పాదుకల దాకా మూటకట్టి ఇస్తారు. మనకా వీలు లేదు. విశాఖ నుంచి ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం, అదీ ఓడ ఉన్నప్పుడు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగని తేలింది. ఇంతమందిమి ఉన్నాం, నాటకాలు వేస్తున్నాం, వేషాలు మాత్రం అబర్డీన్ బజారులో దొరికే మెరుపు సాటిన్‌తో ఎలాగోలా సరిపెట్టుకుంటున్నాం.

ఇంట్లోనే కుట్టుకోండి అని చెప్పడానికే వచ్చాను. మిషను మీద ఇప్పుడిప్పుడే కూర్చుంటున్నవాళ్ళకి ముఖ్యంగా చెబుతున్నాను. రాజుల కాలం నాటి అంగీ అనగానే కొత్తవాళ్ళు బెదిరిపోతారు. ‘ముందు జాకెట్టు నేర్చుకుని, తరవాత చూద్దాం’ అంటారు. అది తలకిందుల లెక్క. కుట్టుపనిలో కష్టమైనవాటిలో మొదటి వరసలో ఉండేది మన జాకెట్టే. అందులో డాట్లుంటాయి, చంక గుండ్రం ఉంటుంది, క్రాస్ కటింగు ఉంటుంది, పావు అంగుళం తేడా వస్తే ఒంటికి అంటదు. ఐదారు వందల ఏళ్ళనాటి అంగీకి ఇవేవీ అక్కర్లేదు. నలుచదరాలు, త్రికోణాలు, అంతే. సూటిగా కత్తెర పట్టడం వచ్చినవాళ్ళు ఎవరైనా కొయ్యొచ్చు.

ఎందుకలా కుట్టేవారంటే, బట్ట ఖరీదు. మనిషి చేత్తో వడికి, గుంట మగ్గం మీద చేత్తో నేసిన గుడ్డ అది. పన్నా చిన్నది, ఒక్కో గజం వెనక ఎన్నో రోజుల పని. అలాంటి గుడ్డని గుండ్రంగా కత్తిరించి ముక్కలు పారేసే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే అటు యూరప్‌లోనూ ఇటు పర్షియాలోనూ మన దగ్గరా దర్జీలు ఒకే దారి పట్టారు. ఒంటికి పొడుగాటి ముక్కలు, చేతులకి మరో రెండు, అడుగున ఘేరు కావాలంటే త్రికోణాలు. స్వీడన్‌లో బోక్‌స్టెన్ అనే చోట 1936లో బురదనేల తవ్వుతుంటే పద్నాలుగో శతాబ్దపు మనిషి ఒకడు ఒంటిమీది బట్టలతో సహా బయటపడ్డాడు. 1921లో గ్రీన్‌లాండ్‌లోని ఒక పాత చర్చి శ్మశానంలో, గడ్డకట్టిన నేలలో, అలాంటి అంగీలే బోలెడు దొరికాయి. వాటి పక్కల్లో త్రికోణపు ముక్కలే ముక్కలు. మన కలీదార్ కుర్తాలో దర్జీలు వేసే కలీలు కూడా ఆ జాతివే. వేల మైళ్ళ దూరంలో ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఒకే కోత కోశారు. గుడ్డ పొదుపు అలా కోయించింది.

సరే, మనవాళ్ళు అసలేం వేసుకునేవారు? ఇక్కడ సినిమాని కాస్త పక్కన పెట్టాలి. రుద్రమదేవి ఓరుగల్లుని ఏలింది 1262 నుంచి 1289 దాకా. ఆ కాలపు శిల్పాలు, ఉదాహరణకి 1213లో కట్టిన రామప్ప గుడిలోవి చూస్తే, నగలు ఎక్కువ, కట్టు బట్టలు ఎక్కువ, కుట్టిన బట్టలు తక్కువ. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా చాలావరకు చుట్టుకున్నదే. బట్టకి కరువు లేదు సుమా. పాల్కురికి సోమనాథుడు తన కావ్యాల్లో ఎన్ని రకాల బట్టల పేర్లు చెబుతాడో! చదువుతుంటే బట్టలకొట్టు ముందు నిలబడ్డట్టే ఉంటుంది. ఆ కాలం ఆచారవ్యవహారాలు తెలుసుకోవాలనుకునేవాళ్ళు సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెప్పించుకోండి, నాటకాలు వేసేవాళ్ళకి అది పెద్ద బాలశిక్ష లాంటిది.

కుట్టిన అంగీ కచ్చితంగా కనబడేది విజయనగర రాజుల కొలువులో. దాన్ని కబాయి అనేవారు. మోకాళ్ళు దాటి దిగే నిలువుటంగీ, పొడుగు చేతులు. నెత్తిన కుల్లాయి అనే పొడుగాటి టోపీ. ఈ రెండూ పశ్చిమాసియా నుంచి వచ్చిన కొలువు దుస్తులు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మల్లో విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ పరివారంతో సహా ఈ వేషంలోనే దేవుడికి దణ్ణం పెడుతూ కనిపిస్తారు. 1443లో పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ రెండో దేవరాయల్ని చూసినప్పుడు రాజు ఒంటిమీద సాటిన్ అంగీ ఉందట. మన శ్రీనాథుడు ఊరుకున్నాడా? ఆ కన్నడ కొలువులో ఆదరణ కోసం కుల్లాయి పెట్టి, కూర్పాసం తొడిగి తాను పడ్డ అవస్థ అంతా ఒక చాటుపద్యంలో ఏకరువు పెట్టాడు. అలవాటు లేని కుట్టుబట్టలు, పైగా ఎండ. కవిగారి చిరాకు మనకు అర్థమవుతుంది.

అందుకని నా సలహా ఇది. రుద్రమకైనా సరే, చరిత్రకి దగ్గరగా ఉండాలంటే కొలువులో సింహాసనం మీద కూర్చునే దృశ్యానికి చక్కటి చేనేత చీర గోచీపోసి కట్టండి. యుద్ధం దృశ్యానికి కబాయి వేయండి, కాకతీయులకి అది కాస్త తరవాతి కాలపు వేషమే అయినా నాటకానికి పరవాలేదు. కృష్ణదేవరాయలు, తిమ్మరుసు, శ్రీనాథుడు వేషాలకైతే కబాయి అచ్చంగా సరిపోతుంది.

ఇక గుడ్డ సంగతి. రాజు అనగానే అందరి చెయ్యీ సాటిన్ మీదికే పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సాటిన్ అంత శత్రువు ఇంకోటి లేదు. కత్తెర కింద జారుతుంది, మిషను పాదం కింద జారుతుంది, అంచు పోగులు ఊడిపోతాయి, కుట్టు విప్పితే సూది బెజ్జాలు అలాగే ఉండిపోతాయి. మన ఊరి ఉక్కలో స్టేజి లైట్ల కింద అది వేసుకున్న పిల్లవాడి గతి చెప్పనక్కర్లేదు. నూలుగుడ్డ తీసుకోండి, మధ్యరకం మందం ఉన్నది. రంగుల్లో ఇటుక ఎరుపు, నీలిమందు నీలం, పసుపు, కోరా తెలుపు. మొదటి మూడూ చిరివేరు, నీలి, పసుపుకొమ్ము ఇచ్చే రంగులే. ఫ్లోరోసెంట్ గులాబీ ఒక్కటి పడిందంటే ఎంత బాగా కుట్టినా ఐదువందల ఏళ్ళు ఎగిరిపోతాయి. ఘనంగా కనబడాలంటే పెడన కలంకారీ గుడ్డ అరమీటరు తెచ్చి నాలుగంగుళాల పట్టీలు కోసి అంచుకీ చేతులకీ వేయండి.

మన తెలుగు గుడ్డకి ఎంత పేరుండేదో ఇక్కడ ఒక మాట చెప్పాలి. పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో చైనా నుంచి సముద్రం మీద తిరిగి వెళ్ళాడు. ఆయన పుస్తకంలో మోటుపల్లి రేవు ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోది, 1244లో గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకి అభయశాసనం వేయించిన రేవు. అక్కడి రాజ్యాన్ని ఒక రాణి చక్కగా ఏలుతోందనీ, అక్కడి సన్నబట్టలు సాలెపురుగు నేసినంత నాజూకుగా ఉంటాయనీ, ఏ రాజైనా రాణి అయినా సంతోషంగా కట్టుకోదగ్గవనీ అంటాడు. అదే పుస్తకంలో మన దీవులూ ఉన్నాయి. నికోబార్‌వాళ్ళు వచ్చేపోయే వర్తకుల దగ్గర రంగురంగుల పట్టుబట్టలు కొని, ఒంటికి కట్టుకోకుండా ఇళ్ళలో దండేల మీద వేలాడదీసి గొప్పగా చూపించుకుంటారని రాశాడు. అండమాన్ గురించి మాత్రం కుక్కతలల మనుషులున్నారని కథలు చెప్పాడు. అది చదివితే ఆయన ఇక్కడ దిగలేదనే అనిపిస్తుంది. బట్టల విషయంలో మాత్రం నమ్మొచ్చు, పుట్టుకతో వర్తకుడు కదా.

కొలతల్లోకి వద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఛాతీ చుట్టు 36 అంగుళాలున్న మనిషికి చెబుతాను. పిల్లలకైతే ఇదే లెక్కలో వాళ్ళ కొలత వేసుకోండి.

44 అంగుళాల పన్నా గుడ్డ 3 మీటర్లు కొనండి. కొనగానే కొయ్యొద్దు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. నూలు కుదించుకుపోవలసినంత ఇప్పుడే పోవాలి. మే నెలలో వానలు మొదలయ్యాయంటే మనకి డిసెంబరు దాకా గుడ్డ ఆరదు కాబట్టి, నాటకం తేదీకి పదిహేను రోజుల ముందే ఈ పని కానిచ్చుకోవాలి. చెమ్మగా ఉన్న గుడ్డ మడతపెట్టారా, నల్లటి బూజు చుక్కలు పడతాయి. అవి ఒక పట్టాన పోవు.

ఒంటి ముక్కలు రెండు, ముందూ వెనకా. ఛాతీ 36కి వదులు 4 కలిపితే 40, అందులో సగం 20, కుట్లకి 1. అంటే ఒక్కో ముక్క వెడల్పు 21 అంగుళాలు. రెండూ పక్కపక్కన పెడితే 42, పన్నాలో సరిగ్గా ఇమిడిపోతాయి. పొడుగు 46. ఆ కింద చేతులు రెండు, ఒక్కోటి 17 వెడల్పు, 20 పొడుగు. చేతుల పక్కన తొమ్మిది పదంగుళాల పట్టీ మిగులుతుంది కదా, దాన్ని పారేయకండి. అందులో 6 అంగుళాల చదరపు ముక్కలు రెండు, మెడ లోపల వేసే పట్టీ ఒకటి వస్తాయి. ఇక మిగిలిన గుడ్డలో 30 అంగుళాల పొడుగు తీసుకుని, పన్నాని నిలువుగా నాలుగు సమభాగాలు చేయండి. ఒక్కో భాగాన్ని మూల నుంచి మూలకి కోస్తే ఎనిమిది త్రికోణాలు. ఇవే కలీలు. రెండు భాగాలని ఎడమ నుంచి కుడికి, రెంటిని కుడి నుంచి ఎడమకి కొయ్యాలి. గుడ్డకి మంచివైపు, తిరగవైపు ఉంటే, ఇలా కొయ్యకపోతే జతలు కుదరవు. రెండు వైపులా ఒకేలా ఉండే సాదా గుడ్డ అయితే ఈ గొడవే లేదు. అందుకే మొదటిసారి పూల గుడ్డ, బుటాల గుడ్డ వద్దంటాను.

మొదటి కబాయికి నాలుగు కలీలు చాలు, ఒక్కో పక్కన రెండేసి. అడుగు చుట్టు దాదాపు 80 అంగుళాలు వస్తుంది, నడవడానికి హాయిగా ఉంటుంది. చెయ్యి తిరిగాక మిగతా నాలుగూ ముందు మధ్యలోనూ వెనక మధ్యలోనూ వేసుకుంటే 120 అంగుళాల ఘేరు. అప్పుడు పాప గిర్రున తిరిగితే చూడాలి.

ఏ వరసలో కుట్టాలో చెబుతాను. ముందు భుజాలు. భుజాలు కలపగానే, గుడ్డ ఇంకా బల్లపరుపుగా ఉన్నప్పుడే మెడ పూర్తి చేసేయండి. మెడ చిన్నగా కొయ్యాలి, 6 అంగుళాల అడ్డం, వెనక 1 అంగుళం, ముందు 3 అంగుళాల లోతు, మధ్యలో ఒక 5 అంగుళాల చీలిక. తల దూరకపోతే చీలిక ఇంకాస్త దించొచ్చు. పెద్దగా కోసిన మెడని చిన్నది చేయడం మాత్రం ఎవరివల్లా కాదు. తరవాత చెయ్యి. దాని 17 అంగుళాల వెడల్పు మధ్యబిందువు భుజం కుట్టు మీద పెట్టి, ముందుకి ఎనిమిది, వెనక్కి ఎనిమిది సూటిగా కుట్టేయడమే. గుండ్రం లేదు, కుచ్చు లేదు.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికొచ్చాం. చంక కింద చదరపు ముక్క. హిందీ దర్జీలు దీన్ని బగల్ అంటారు. కుట్టు నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఈ ముక్క దండగనుకుని మానేసి, అంగీ పూర్తిచేసి తొడుక్కుని నా ముందు నిలబడింది. చూడ్డానికి బాగానే ఉంది. ‘కత్తి ఎత్తమ్మా’ అన్నాను. చెయ్యి ఎత్తగానే చంకలో కుట్టు బిగుసుకుని, అంగీ మొత్తం ఆ పక్కకి జానెడు పైకి లేచింది. ఇంకాస్త ఎత్తితే చిరిగేదే. సూటి ముక్కల అంగీలో చేతికీ ఒంటికీ మధ్య తిరగడానికి చోటుండదు. ఆ చోటు ఇచ్చేదే ఈ చదరం. విప్పి ముక్క వేసి మళ్ళీ తొడుక్కుంది. రెండు చేతులూ నెత్తిమీదికెత్తినా అడుగు అంచు కదల్లేదు.

వేసే పద్ధతి చూడండి. చదరానికి నాలుగు పక్కలు. రెండు పక్కలు చేతికి, రెండు పక్కలు ఒంటికి, ముందుకొకటి వెనకకొకటి. ముందు చేతివైపు రెండూ కుట్టండి. మూల దగ్గర అర అంగుళం ముందే కుట్టు ఆపాలి, చివరిదాకా లాగకూడదు. అక్కడ సూదిని గుడ్డలో దించి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, పాదం దించి మళ్ళీ మొదలెట్టాలి. మిషను మీద భయంగా ఉంటే మూలలు నాలుగూ చేత్తో కుట్టుకోండి. ఐదొందల ఏళ్ళ కిందట మొత్తం చేత్తోనే కదా కుట్టింది.

కలీలకీ ఒక నియమం ఉంది. త్రికోణానికి ఒక పక్క నిలువు పోగు మీద సూటిగా ఉంటుంది, ఏటవాలుగా కోసిన పక్క క్రాస్. క్రాస్ అంచు సాగుతుంది. క్రాస్‌కి క్రాస్ కలిపి కుట్టారో, కుట్టు అలలు అలలుగా వేలాడుతుంది. అందుకని క్రాస్ అంచుని ఒంటి ముక్క సూటి అంచుకి కలపాలి, త్రికోణాల సూటి అంచులు రెండూ పక్కన ఒకదానితో ఒకటి కలవాలి. కలీ కొన చదరపు ముక్క కింది మూల దగ్గరికి వస్తుంది. కొన నుంచి కిందికే కుట్టండి, అడుగు నుంచి పైకి కాదు. పైకి కుడుతూపోతే గుడ్డ సాగి కొన దగ్గర ముడతపడుతుంది. కుట్టేముందు కచ్చాకుట్టు వేసుకుంటే ఈ బాధలు సగం తగ్గుతాయి, కానీ కచ్చాకుట్టు వేయమంటే ఈ కాలం పిల్లలు వినరు.

ఇప్పుడు అడుగు అంచు మడిచేయాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. అంగీని హ్యాంగరుకి తగిలించి ఒక రాత్రి వదిలేయండి. క్రాస్ ఉన్నచోట గుడ్డ తన బరువుకి తనే కిందికి దిగుతుంది. పొద్దున చూస్తే పక్కల్లో మొనలు వేలాడుతుంటాయి. వేసుకునేవాళ్ళని నిలబెట్టి, నేల నుంచి స్కేలుతో ఒకే ఎత్తులో చాక్ గుర్తులు పెట్టి, ఆ మొనలు కోసేసి, అప్పుడు మడవండి. ఈ అంగీ మొత్తంలో గుండ్రంగా కోసేది మెడ తరవాత ఇదొక్కటే.

మిషను గురించి రెండు ముక్కలు. నూలుకి 14 నంబరు సూది చాలు. మన సముద్రపుగాలికి సూదులు పదిరోజుల్లో తుప్పు పడతాయి, తుప్పుసూది పోగులు లాగుతుంది. మిషన్ ఆయిల్ అద్దిన గుడ్డపేలికలో గుచ్చి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. కాలితో తొక్కే పాత ఉషా మిషను ఇంట్లో ఉంటే అటకెక్కించకండి. కరెంటు పోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది, పైగా కొత్తవాళ్ళకి కాలి వేగమే మంచిది.

3 మీటర్లు కొన్నాం కాబట్టి ఇంకా జానెడు పైన గుడ్డ మిగులుతుంది. అందులో కుల్లాయి. తల చుట్టు 22 అంగుళాలైతే, అడుగు 12, ఎత్తు 13 ఉన్న ముక్కలు రెండు, పైకి పోనుపోను సన్నబడి కొన గుండ్రంగా ఉండేట్టు. లోపల బక్రం వేసి ఇస్త్రీతో అతికిస్తే నిలబడుతుంది. తిరుమల గుడిలో కృష్ణదేవరాయల రాగి విగ్రహం చూసినవాళ్ళకి ఆ టోపీ ఆకారం గుర్తుండే ఉంటుంది. అంచున కలంకారీ పట్టీ ఒకటి, నగిషీ అంతకుమించి వద్దు. పూసలూ తళుకులూ గుప్పిస్తే స్టేజి మీద లైటు వాటి మీదే పడుతుంది, మొహం కనపడదు.

ముందువైపు నిలువునా తెరిచి గుండీలు పెట్టమంటారా అని కొందరు అడుగుతారు. కాజాలు కుట్టడం వేరే విద్య, మొదటి అంగీలో వద్దు. మెడ చీలికకి రెండు నాడాలు చాలు. నడుముకి ఒక పొడుగాటి దట్టీ బిగిస్తే ఆ అంగీకే రూపు మారిపోతుంది. పాత కాటన్ చీర అంచు దానికి భేషుగ్గా ఉంటుంది.

విజయనగర రాజులు ఒకసారి వేసుకున్న బట్ట మళ్ళీ ముట్టరని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. మనం రాజులం కాదు కాబట్టి నాటకం అయిన రాత్రే మేకప్ మరకలకి కొబ్బరినూనె రాసి, సబ్బుతో ఉతికి, నీడన ఆరేసుకోవాలి. ఎరుపూ నీలమూ మొదటి రెండు ఉతుకులూ రంగు దిగుతాయి, విడిగా ఉతకండి. పూర్తిగా ఆరాక వేపాకు వేసి దాచండి. వచ్చే ఏడు పాప ఎదిగితే, వాడకుండా అట్టేపెట్టిన ఆ నాలుగు కలీలూ ఉన్నాయి కదా, పక్క కుట్లు విప్పి వాటిలోంచి పట్టీలు కోసి కలుపుకుంటే మరో రెండేళ్ళు వస్తుంది. పాపకి సరిపోకపోతే పక్కింటివాళ్ళకి ఇవ్వండి, వాళ్ళ అబ్బాయికి తిమ్మరుసు వేషం ఇచ్చారట.